రాక్షసుడి ఆయువుపట్టు

మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉందని నాకు మొదట చెప్పింది మా నాయనమ్మ. ఆవిడ చిన్నతనంలో జంగాలు రచ్చబండ దగ్గర తెల్లవార్లూ బాలనాగమ్మ కథ చెబుతుంటే విన్న మనిషి. వేసవిలో డాబా మీద పక్కలు పరిచాక ఆ కథను మాకు రోజుకింత చొప్పున చెప్పేది. బాలవర్ధి రాజు ఏడు సముద్రాలు దాటి వెళ్లి చిలకను పట్టి మెడ విరిచే ఘట్టం వచ్చిన రాత్రి పిల్లలమంతా చప్పట్లు కొట్టాం. మా చెల్లెలు ఒక్కతే కొట్టలేదు. "నాయనమ్మా, చిలకేం చేసింది?" అని అడిగింది. నాయనమ్మ కాసేపు ఊరుకుని, "అది చిలక కాదే పిచ్చిపిల్లా, ఫకీరు ప్రాణం" అంది. చెల్లెలు అటు తిరిగి పడుకుంది.

తనకన్నా వెయ్యి రెట్లు బలమున్నవాణ్ని మనిషి ఎలా పడగొడతాడు? ఫాంటసీ చదివేవాళ్లు ఇద్దరు కలిస్తే ఈ మాట రాక మానదు. ఘటోత్కచుడు గొప్పా, స్మాగ్ డ్రాగన్ గొప్పా అని పిల్లలు తగువులాడుకుంటారు, పెద్దవాళ్లూ అంతే పట్టుదలగా ఆడుకుంటారు. ఎవరి బలం ఎంత అన్నది ఇందులో చిన్న ముక్క. కథకుడి ముందున్న అసలు చిక్కు వేరే ఉంది. రాక్షసుణ్ని ఎంత పెంచితే కథకు అంత బిగువు. అంత పెంచాక చంపడానికి దారి దొరకదు. దారి సులువుగా దొరికిందా, పెంచిందంతా నీళ్లపాలు. ఈ చిక్కుముడిని వేల ఏళ్లుగా ఎవరెవరు ఎలా విప్పారో వరసగా చూస్తే, కథలంటే మనుషులకు ఏం కావాలో కొంత తెలుస్తుంది. డ్రాగన్లు, భూతాలు, రక్తం తాగే పిశాచాలు అన్నింటినీ ఈ వ్యాసంలో రాక్షసులనే పిలుస్తున్నాను.

చిలక దగ్గరే మొదలుపెడదాం. 1868లో మేరీ ఫ్రేర్ అనే ఆవిడ 'ఓల్డ్ డెక్కన్ డేస్' అనే కథల పుస్తకం ప్రచురించింది. బొంబాయి గవర్నరుగా పనిచేసిన బార్టిల్ ఫ్రేర్ కూతురు ఆవిడ. కథలు చెప్పింది వాళ్లింట్లో పనిచేసిన ఆయా అన్నా లిబరేటా డిసౌజా. అందులో మొదటి కథ పేరు 'పంచ్‌కిన్'. ఏడుగురు రాజకుమార్తెలు, వాళ్లలో చిన్నది బాల్నా. ఆమెను ఎత్తుకుపోయి పన్నెండేళ్లు చెరలో పెట్టిన మాంత్రికుడు పంచ్‌కిన్. తల్లిని వెతుక్కుంటూ వచ్చేది కొడుకు. తెలుగువాడెవడికైనా ఇది ఎవరి కథో ఇట్టే తెలిసిపోతుంది. బాల్నా, బాలనాగమ్మ అన్న పేర్లు కూడా అక్కచెల్లెళ్లలా ఉన్నాయి. మన దగ్గర ఈ కథ జంగం కథగా, బుర్రకథగా, నాటకంగా తిరిగి తిరిగి 1942లో జెమిని సంస్థ నిర్మాణంలో, సి. పుల్లయ్య దర్శకత్వంలో సినిమా అయింది. కాంచనమాల బాలనాగమ్మగా, గోవిందరాజుల సుబ్బారావు మాంత్రికుడిగా వేశారు.

పంచ్‌కిన్ ప్రాణం ఉన్న చోటు చూడండి. లెక్కలేనంత దూరాన ఒక కీకారణ్యం. దాని నడుమ గుండ్రంగా తాటిచెట్లు. ఆ చెట్ల మధ్య నీళ్లకుండలు ఆరు, ఒకదాని మీద ఒకటి. అడుగు కుండ కింద చిన్న పంజరం, అందులో ఆకుపచ్చ చిలక. చుట్టూ వేలాది భూతాలు కాపలా. కుర్రవాడు పంజరం పట్టుకుని మాంత్రికుడి వాకిట్లో నిలబడతాడు. వెంటనే చంపడు. ముందు తన నాన్నను, మాంత్రికుడు రాళ్లుగా మార్చిన వాళ్లందరినీ మళ్లీ మనుషుల్ని చెయ్యమంటాడు. మాంత్రికుడు చేస్తాడు. అప్పుడు చిలక కుడిరెక్క పీకుతాడు, మాంత్రికుడి కుడిచెయ్యి ఊడిపడుతుంది. ఎడమరెక్క, ఎడమచెయ్యి. తర్వాత కాళ్లు. చివరికి మెడ. ఒక ఆయా నోట వచ్చిన ఈ ఘట్టంలో ఎంత పనితనం ఉందో గమనించాలి. చెరలో ఉన్నవాళ్లను విడిపించుకునే పని ముందు, చంపే పని తర్వాత. తొందరపడి మెడ విరిచి ఉంటే రాళ్లు రాళ్లుగానే మిగిలిపోయేవి. ఇప్పటి కథల్లో ఈ జాగ్రత్త తరచూ కనిపించదు.

జేమ్స్ ఫ్రేజర్ 1890లో వెలువరించిన 'ది గోల్డెన్ బౌ'లో ఒంటి బయట దాచిన ప్రాణం గురించి రాస్తూ ఈ పంచ్‌కిన్‌నూ ప్రస్తావించాడు. రష్యాలో కోష్చెయ్ చావు సూదిలో ఉంటుంది. సూది గుడ్డులో, గుడ్డు బాతులో, బాతు కుందేలులో, కుందేలు పెట్టెలో, పెట్టె ఓక్ చెట్టు కింద. నార్వేలో గుండె బయట దాచుకున్న ఒక పెద్ద రాక్షసుడు ఉన్నాడు. అతని దగ్గర చెరలో ఉన్న రాజకుమారి గుండె ఎక్కడుందని అడిగితే, గడప కింద ఉందని అబద్ధం చెబుతాడు. ఆమె మర్నాడు గడప నిండా పూలు చల్లుతుంది. అతను చూసి నవ్వి, అక్కడ కాదులే, బీరువాలో ఉంది అంటాడు. ఆమె బీరువాకు పూలు చుడుతుంది. ఆ పూలు చూసి మెత్తబడి మూడోసారి నిజం చెప్పేస్తాడు.

ఈ కథలన్నిటా రహస్యం బయటపడేది రాక్షసుడి నోటి నుంచే. చెప్పేది కూడా చెరలో ఉన్న ఆడమనిషికి. ఆమె ఎక్కడికి పోతుంది, ఎవరికి చెబుతుంది, ఏం చెయ్యగలదు అన్న ధీమాతో చెబుతాడు. కత్తి పట్టిన వీరుడెవడైనా అడిగితే చచ్చినా చెప్పడు. వాడి కోటకు ఏడు సముద్రాల కందకం ఉంది, వేల భూతాల కాపలా ఉంది. ఇంట్లో అన్నం పెట్టే మనిషిని మాత్రం వాడు లెక్కలోకి తీసుకోలేదు. నేను చదివిన మంచి రాక్షస కథల్లో ఎక్కువ భాగం ఇక్కడికే వచ్చి చేరతాయి. ఆయువుపట్టు ఎక్కడుందో తెలియాలంటే వాడు ఎవరిని లెక్కలో వదిలేశాడో చూడాలి.

రావణుడు దీనికి అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ. దేవతలు, గంధర్వులు, యక్షులు, రాక్షసులు, ఎవరి చేతిలోనూ చావు లేకుండా వరం అడిగాడు. మనుషుల్ని అడగలేదు. వాల్మీకి ఇది మరుపు అనలేదు, వాళ్లు గడ్డిపరకతో సమానమన్న చులకన అన్నాడు. ఇక హిరణ్యకశిపుడు ఎవర్నీ వదలకుండా అడిగానని అనుకున్నవాడు. లోపల, బయట, పగలు, రాత్రి, నేల, ఆకాశం, మనిషి, మృగం. రావణుడు ఒక పేరు వదిలేస్తే, హిరణ్యకశిపుడు పేర్లకూ పేర్లకూ మధ్య ఉన్న సందుల్ని వదిలేశాడు. సంధ్యవేళ, గడప, ఒడి, గోళ్లు, నరసింహుడు. నరసింహుడు మహాబలుడే, సందేహం లేదు. అయినా పిల్లలు ఆ కథ విని ఊపిరి బిగబట్టేది బలం కోసమని నేను అనుకోను. గడప మీద కూర్చున్నాడు అన్న మాట దగ్గర వాళ్ల కళ్లు మెరుస్తాయి. షరతులన్నీ ఒక్కటి కూడా తప్పకుండా తీరాయన్న సంతోషం అది.

ఇక్కడ ఒక విషయం నన్ను చాలాకాలం పట్టి ఉంచింది. రాక్షసుడు చచ్చిపోయాక కూడా కథలు చెప్పేవాళ్లు వాడి చావును వదిలిపెట్టలేదు, తరతరాలుగా దాన్ని సరిచేస్తూనే ఉన్నారు. వాల్మీకి రామాయణంలో రాముడు రావణుడి తలలు నరికిన కొద్దీ మళ్లీ మొలుస్తుంటే, సారథి మాతలి గుర్తుచేయగా బ్రహ్మాస్త్రం వేస్తాడు. అస్త్రం గుండెను చీల్చుకుపోతుంది. నాభిలో అమృతం సంగతి అక్కడ లేదు. ఆ రహస్యం విభీషణుడు చెప్పడం తర్వాతి కాలపు అధ్యాత్మ రామాయణంలో కనిపిస్తుంది. మన పల్లెల్లో అందరికీ తెలిసిన కథ ఈ రెండోదే. జరాసంధుడి సంగతీ అంతే. వ్యాసభారతంలో భీముడు అతణ్ని గిరగిరా తిప్పి వెన్ను విరిచి చంపుతాడు. భాగవతానికి వచ్చేసరికి కృష్ణుడు కొమ్మను నిలువునా చీల్చి సైగ చేస్తాడు. ఇంకా తర్వాత నోటి కథల్లో, చీల్చిన ముక్కల్ని అటుదిటు, ఇటుదటు పారేస్తేనే మళ్లీ అతుక్కోవన్న మెలిక చేరింది.

గ్రీకుల దగ్గరా ఇదే జరిగింది. అకిలీస్ రాక్షసుడు కాడు, కాని సులువుగా చావని మనిషి. హోమర్ 'ఇలియడ్'లో అతని మడమ ప్రస్తావన లేదు. తల్లి అతణ్ని స్టిక్స్ నదిలో ముంచిందన్న మాట మనకు దొరికేది క్రీస్తుశకం మొదటి శతాబ్దపు రోమన్ కవి స్టేషియస్ దగ్గర. ఇంకా దగ్గరి ఉదాహరణ డ్రాకులా. 1897లో బ్రామ్ స్టోకర్ రాసిన నవలలో డ్రాకులా పగలు లండన్ వీధుల్లో తిరుగుతాడు. ఎండ అతని శక్తుల్ని తగ్గిస్తుంది, చంపదు. చివర్లో సూర్యుడు కుంగే క్షణంలో ఒకరు కుక్రీతో గొంతు కోస్తే, ఇంకొకరు కత్తిని గుండెల్లో దించుతారు. గుండెలో దిగేది మేకు కూడా కాదు, మామూలు కత్తి. ఎండ తగిలి రక్తపిశాచి మాడిపోవడం 1922 నాటి 'నోస్ఫెరాటు' మూకీ సినిమాతో వచ్చింది. ఇవాళ ఏ పిల్లవాణ్ని అడిగినా ఎండలోకి లాగితే చాలంటాడు.

ఇలా చావుల్ని ఎందుకు దిద్దారు? బ్రహ్మాస్త్రం చాలదా? చాలదనే విన్నవాళ్లు అనుకుని ఉండాలి. పెద్ద ఆయుధంతో చంపితే, ఆ ఆయుధం మొదటిరోజే ఎందుకు వెయ్యలేదన్న ప్రశ్న వస్తుంది. నాభిలో అమృతం ఉందంటే ఆ ప్రశ్న పోతుంది, పైగా ఆ రహస్యం తెలిసిన ఒక తమ్ముడు అన్నను వదిలి రావడానికి ఎక్కడలేని బరువు వస్తుంది. రాముడి విజయంలో విభీషణుడి దుఃఖం కలుస్తుంది. నాకైతే ఈ దిద్దుబాటు గొప్పదనిపిస్తుంది. డ్రాకులా విషయంలో జరిగింది వేరు. 'నోస్ఫెరాటు' సినిమాలో కూడా ఎండ ఊరికే రాదు. ఎలెన్ అనే ఆమె తన రక్తం ఇస్తూ తెల్లవారేదాకా అతణ్ని కదలనివ్వక, తాను ప్రాణం పోగొట్టుకుంటుంది. తర్వాత వచ్చినవాళ్లు ఎలెన్‌ను వదిలేసి ఎండను మాత్రం ఉంచుకున్నారు. కర్టెను లాగితే చచ్చే పిశాచి అలా పుట్టింది.

స్టోకర్ నవలను మళ్లీ చదివితే అందులో గెలిచే పద్ధతి నాకు ఎండకన్నా నచ్చుతుంది. ఒకరి డైరీ, ఇంకొకరి ఉత్తరాలు, డాక్టరు ఫోనోగ్రాఫులో చెప్పుకున్న మాటలు, పత్రికల ముక్కలు, అన్నింటినీ మీనా హార్కర్ టైపు చేసి తేదీల వరసలో పెడుతుంది. అందరూ ఒకచోట కూర్చుని చదివాకే ఆ మనిషి ఏమిటో వాళ్లకు అర్థమవుతుంది. తర్వాత రైళ్ల వేళలు చూసుకుని తరుముతారు. నాలుగు వందల ఏళ్ల నాటి పిశాచి లెక్కలో టైపుమిషన్ లేదు.

ఉట్టి బలంతో చంపడం కథే కాదంటే మాత్రం నేను ఒప్పుకోను. బకాసురుడి ఘట్టం ఉంది కదా. ఏకచక్రపురంలో బండెడన్నం, రెండు దున్నపోతులు, ఒక మనిషి చొప్పున ఇళ్ల వంతున పంపాలి. ఆ రోజు బ్రాహ్మణుడి వంతు. భీముడు బండి తోలుకుని అడవిలోకి వెళ్లి, రాక్షసుణ్ని పేరుపెట్టి పిలుస్తూ వాడి అన్నం తాను తినడం మొదలుపెడతాడు. బకుడు వచ్చి చూస్తాడు. తన కూడు ఎవడో తింటున్నాడు. వెనకనుంచి రెండు చేతులతో వీపు మీద గుద్దుతాడు. భీముడు తల కూడా తిప్పడు, ముద్ద ముద్దకూ తింటూనే ఉంటాడు. బకుడు చెట్టు పీకి తెస్తాడు. భీముడు తిండి ముగించి, చెయ్యి కడుక్కుని, అప్పుడు లేస్తాడు. పోరు ఎలా తేలుతుందో ముద్ద మింగుతున్నప్పుడే మనకు తెలిసిపోయింది. ఊరంతా ఏళ్ల తరబడి భయంతో వండి పంపిన అన్నాన్ని ఒకడు తాపీగా కూర్చుని తినడమే బకుడి ఓటమి. ఆ వీపు విరవడం మిగిలిన లాంఛనం.

అగస్త్యుడు వాతాపిని గెలిచింది కూడా తిండితోనే. మేకగా మారి, కూరగా వండించుకుని, తిన్నవాడి పొట్ట చీల్చుకు వచ్చే రాక్షసుడు వాతాపి. అన్న ఇల్వలుడు పిలిచేలోపే అగస్త్యుడు అరిగించేసుకున్నాడు. పాలు పట్టాక పసిబిడ్డ పొట్ట నిమురుతూ జీర్ణం, జీర్ణం, వాతాపి జీర్ణం అనుకునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. రాక్షససంహారం ఒకటి వంటింటి మాటగా మారి ఇన్ని తరాలు నిలవడం నాకు ఎంతో ఇష్టమైన సంగతి. పోలండులో క్రాకో నగరవాసులకు ఇలాంటిదే ఒకటుంది. వావెల్ గుట్ట కింద గుహలో ఉండే డ్రాగన్‌కు గంధకం కూరిన గొర్రెను పెడతారు. దాహం తట్టుకోలేక విస్తులా నది నీళ్లు తాగి తాగి అది పగిలిపోతుంది.

బలం వైపు కథల్లో మహత్తరమైంది 'బేవుల్ఫ్'. ఈ పాత ఇంగ్లీషు కావ్యానికి మిగిలింది వెయ్యేళ్ల నాటి ఒకే ఒక్క రాతప్రతి. గ్రెండెల్ అనే రాక్షసుడి మీద ఏ కత్తీ పనిచెయ్యదు, వీరుడు బేవుల్ఫ్ వట్టి చేతులతో వాడి చెయ్యి పెరికేస్తాడు. గ్రెండెల్ తల్లి దగ్గర తెచ్చుకున్న కత్తి పనిచెయ్యక, ఆమె గుహలోనే దొరికిన పాత కత్తితో చంపుతాడు. రాజై, ముసలితనంలో డ్రాగన్ ఎదురైనప్పుడు కత్తి విరిగిపోతుంది, తోడు వచ్చినవాళ్లు అడవిలోకి పారిపోతారు, విగ్లాఫ్ అనే కుర్రవాడు ఒక్కడే నిలబడతాడు. డ్రాగన్ చస్తుంది, దాని విషానికి రాజూ చస్తాడు. మూడు పోరాటాలూ మూడు రకాలు, ఒకదానికన్నా ఒకటి ఖరీదైనవి. ఈ కావ్యంలో రాక్షసులు అడ్డదిడ్డంగా వచ్చిపడ్డ పిల్లల కథలని పండితులు తేలిగ్గా చూస్తున్న రోజుల్లో, 1936లో జె. ఆర్. ఆర్. టోల్కీన్ ఒక ఉపన్యాసం ఇచ్చి, రాక్షసులే ఈ కావ్యానికి నడిబొడ్డు అని వాదించాడు.

మరుసటి ఏడాదే వచ్చిన 'ది హాబిట్' నవలలో టోల్కీన్ తన డ్రాగన్‌ను చంపిన తీరు మీద పాఠకుల మధ్య ఇప్పటికీ తగువుంది. బిల్బో అనే పొట్టివాడు స్మాగ్‌ను పొగుడుతూ మాటల్లో పెడతాడు. పొంగిపోయిన స్మాగ్ వెల్లకిలా తిరిగి రత్నాలు పొదిగిన తన పొట్ట చూపిస్తుంది. ఎడమ రొమ్ము దగ్గర ఒక్కచోట ఏ కవచమూ లేదు. బిల్బో ఈ సంగతి తోటివాళ్లకు చెబుతుంటే ఒక పిట్ట వింటుంది. సరస్సు మీది ఊరిని స్మాగ్ తగలబెడుతున్న రాత్రి, బార్డ్ అనే విలుకాడి భుజం మీద ఆ పిట్ట వాలి చెబుతుంది. అతని దగ్గర మిగిలింది ఒకే నల్లబాణం, తండ్రి నుంచి వచ్చింది.

తగువేమిటంటే, కథంతా బిల్బోది కదా, చంపేది నిన్నగాక మొన్న కథలోకి వచ్చిన బార్డ్ ఏమిటి? నేనూ చాలాకాలం దీన్ని లోపమనే అనుకున్నాను. మళ్లీ చదివినప్పుడు ఇంకొకటి కనిపించింది. స్మాగ్ ముందు గొప్పలు పోతూ బిల్బో తనకు పెట్టుకున్న పేర్లలో పీపాల మీద వచ్చినవాడు అన్నదొకటి. ఆ మాట పట్టుకునే, వీడికి సరస్సు ఊరివాళ్లు సాయం చేశారని స్మాగ్ ఊహించి ఆ ఊరి మీద పడుతుంది. రొమ్ము మీది ఖాళీని బయటపెట్టిన సంభాషణే ఊరినీ తగలబెట్టింది. బిల్బోకు గెలుపు వాటా ఎంతో, తప్పు వాటా అంత. అలాంటప్పుడు బాణం అతని చేతికి ఇవ్వకపోవడమే న్యాయం. ఆ బాణం ఇళ్లు కాలిపోతున్న ఊరివాడిది కావాలి.

'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' వచ్చేసరికి, అంటే 1954, 55 నాటికి, టోల్కీన్ ఇంకా లోతుకు వెళ్లాడు. ఉంగరంలో సౌరాన్ అనే దుష్టరాజు తన శక్తిని దాచుకున్నాడంటే అది మన చిలకే. సౌరాన్ వదిలేసిన లెక్క ఒక్కటే. ఆ ఉంగరం దొరికినవాడు దాన్ని వాడుకోవాలని చూస్తాడు గాని నాశనం చేయాలని చూస్తాడని అతని బుద్ధికి తట్టదు. కాని దాన్ని నాశనం చెయ్యడానికి అగ్నిపర్వతం అంచుదాకా మోసుకొచ్చిన ఫ్రోడో ఉంగరాన్ని మంటల్లో వెయ్యలేకపోతాడు. ఇది నాది అంటాడు. అన్ని పేజీలు మోసుకొచ్చినవాడు ఆఖరి అడుగు దగ్గర ఓడిపోతాడు. ఉంగరం కోసం వాళ్ల వెంటపడ్డ గొల్లమ్ వచ్చి వేలితో సహా ఉంగరాన్ని కొరికి, సంబరంలో కాలుజారి మంటల్లో పడతాడు. కాకతాళీయమని పెదవి విరిచేవాళ్లున్నారు. గొల్లమ్‌ను చంపే అవకాశం బిల్బోకు వచ్చింది, ఫ్రోడోకు వచ్చింది, చివరికి ఫ్రోడో తోడు సామ్‌కూ వచ్చింది. ముగ్గురూ జాలిపడి వదిలేశారు. ఆ మూడు జాలిలు లేకపోతే పర్వతం అంచున గొల్లమ్ ఉండడు. కాలు జారడం యాదృచ్ఛికం కావచ్చు, అక్కడ ఆ కాలు ఉండటం యాదృచ్ఛికం కాదు.

అదే నవలలో సౌరాన్ పక్షాన పోరాడే మంత్రగాళ్ల రాజును చంపే ఘట్టం కూడా ఇలాంటిదే. మగవాడి చేతిలో చావు లేదన్న జోస్యం ఉంటే, మగవేషంలో యుద్ధానికి వచ్చిన ఎయోవిన్ అతణ్ని పడగొడుతుంది. అందరికీ గుర్తుండేది ఇంతే. నవలలో ముందుగా మెర్రీ అనే పొట్టివాడు వెనకనుంచి మోకాలి నరం మీద పొడుస్తాడు. ఆ కత్తి ఎప్పుడో మొదటి భాగంలో ఒక పాత సమాధిలో దొరికింది. ఆ రాజు చేతిలోనే నాశనమైన రాజ్యంలో, అతని కోసమే ఎవరో కమ్మరి తయారుచేసిన కత్తి. చేసినవాడు పోయాడు, రాజ్యం పోయింది, పని మాత్రం తీరింది.

ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో ఈ చర్చకు అంకెలు వచ్చాయి. 1974లో వచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆటలో ప్రతి రాక్షసుడికీ ఇన్ని హిట్ పాయింట్లని లెక్క ఉంటుంది. అందులోని ట్రోల్‌ను నరికితే మళ్లీ అతుక్కుంటుంది, నిప్పు పెడితేనో యాసిడ్‌లో ముంచితేనో చస్తుంది. ఆ గుణం పోల్ ఆండర్సన్ నవల నుంచి వచ్చింది. దాని వెనక హైడ్రా తలలు కోసి మెడలు కాల్చిన గ్రీకు వీరుడు ఉన్నాడు. మన రక్తబీజుడు ఉండనే ఉన్నాడు, నేల మీద పడ్డ ప్రతి బొట్టుకూ ఇంకొకడు. కాళి నాలుక చాచి బొట్టు కింద పడకుండా తాగేసింది. ఆటకు అంకెలు కావాలి, నేను కాదనను. అంకెలు నవలల్లోకి వచ్చాకే ఇబ్బంది. వీడి బలం వెయ్యి, వాడిది రెండు వేలు, వీడు తపస్సు చేసి మూడు వేలు చేసుకున్నాడు అంటూ సాగే కథల్లో రాక్షసుడు గుణం లేని అంకెగా మిగులుతాడు.

బ్రాండన్ సాండర్సన్ 2007లో రాసిన ఒక వ్యాసంలో దీనికి పనికొచ్చే సూత్రం చెప్పాడు. మాయ ఎలా పనిచేస్తుందో పాఠకుడికి ఎంత బాగా తెలిస్తే, ఆ మాయతో చిక్కు విప్పడం అంత తృప్తిగా ఉంటుందని దాని సారం. అతని 'ది ఫైనల్ ఎంపైర్'లో వెయ్యేళ్లు పాలించిన లార్డ్ రూలర్ చేతికున్న లోహపు కడియాలే అతని యవ్వనం. విన్ అనే అమ్మాయి వాటిని ఊడపెరకగానే వెయ్యేళ్ల ముసలితనం ఒక్కసారి మీద పడుతుంది. సూత్రం తప్పినప్పుడు ఏమవుతుందో 2019లో 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' టీవీ సీరియల్‌లో చూశాం. ఏళ్ల తరబడి పెంచిన నైట్ కింగ్ ఒక్క కత్తిపోటుకు మంచులా పగిలిపోయాడు, అతనితో పాటు సైన్యమంతా కూలిపోయింది. పొడిచిన అమ్మాయి నేర్పు మీద ఎవరికీ ఫిర్యాదు లేదు. అతనెవరు, అతనికి ఏం కావాలి అన్నది తెలియకుండానే అతను పోయాడు, అదే వెలితి. గడ్డం పోతే శక్తి పోతుందన్న చిన్న సంగతితో 1951లోనే 'పాతాళ భైరవి' ఇంతకన్నా నిండుగా ముగిసింది. శిష్యుడి వేషంలో వచ్చిన అంజిగాడు రాజకుమారి మనసు గెలవాలంటే గడ్డం తీసెయ్యమంటే నేపాళ మాంత్రికుడు ఒప్పుకుంటాడు. మనకు నవ్వొస్తుంది, నమ్మకమూ కుదురుతుంది, ఎందుకంటే వాడి కోరిక ఏమిటో మొదటినుంచీ మనకు తెలుసు.

చంపకుండా గెలిచే కథలు ఇంకో తోవ. అర్సులా లెగ్విన్ 1968లో రాసిన 'ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ'లో గెడ్ అనే కుర్ర మాంత్రికుడు పెండోర్ ద్వీపపు ముసలి డ్రాగన్ ఎదుట పడవలో నిలబడతాడు. పాత చరిత్రలు చదివి దాని అసలు పేరు యెవాద్ అయి ఉండాలని ఊహించుకుని వచ్చాడు. పేరు సరైనదైతే డ్రాగన్ కట్టుబడుతుంది, తప్పైతే తనకు చావే. డ్రాగన్ బేరం పెడుతుంది. నిన్నొక నీడ తరుముతోంది కదా, దాని పేరు చెబుతానంటుంది. గెడ్‌కు లోకంలో అంతకన్నా కావలసింది లేదు. అయినా తనను నమ్ముకున్న దీవుల జనం కోసం ఆ బేరం వదులుకుని, ఇటువైపు రానని డ్రాగన్ చేత ఒట్టు పెట్టించుకుంటాడు. చివరికి నీడ ఎదురైనప్పుడు దానికి తన పేరే పెట్టి పిలిచి కౌగిలించుకుంటాడు. పోలిష్ రచయిత ఆంద్రేయ్ సప్కోవ్‌స్కీ 1986లో రాసిన తొలి విచర్ కథలోనూ అంతే. శాపం తగిలి పిశాచిగా మారిన రాజు కూతుర్ని, రాక్షసుల్ని వేటాడే విచర్ చంపకుండా, తెల్లవారి కోడి కూసేదాకా ఆమె శవపేటికలో తానే పడుకుని, ఆమెను తిరిగి పడుకోనివ్వకుండా ఆపితే మనిషి అవుతుంది. హెచ్. పి. లవ్‌క్రాఫ్ట్ ఈ దారుల్లో దేన్నీ ఒప్పుకోలేదు. 1928లో అచ్చయిన అతని కథలో ఓడతో గుద్దితే క్తుల్హూ తల పగిలి, చూస్తుండగానే మళ్లీ కూడుకుంటుంది. మనిషికి దక్కేది పారిపోవడమే. ఆ భయం నిజమైనదే, కాని అలాంటి కథలు వరసగా పది చదివితే భయం కూడా మొద్దుబారుతుంది.

గెలుపుకు ఎవరు వెల కట్టారన్న దగ్గర మన కథలు చాలా గట్టివి. వృత్రుణ్ని చంపే వజ్రాయుధానికి దధీచి తన వెన్నెముక ఇచ్చాడు. 2009లో వచ్చిన 'అరుంధతి' సినిమా ఆ ఊహనే మన కాలానికి తెచ్చింది. పశుపతి ప్రేతాన్ని అంతం చెయ్యడానికి జేజెమ్మ తన ప్రాణం విడిచి, తన ఎముకలతో ఆయుధం చేయిస్తుంది, మళ్లీ పుట్టి దాన్ని అందుకుంటుంది. ఇక ఘటోత్కచుడి చావు ఉంది. కర్ణుడి దగ్గర ఒక్కసారే పనికొచ్చే శక్తి అనే ఆయుధం ఉంది, అర్జునుడి కోసం దాచుకున్నాడు. పద్నాలుగో నాటి రాత్రియుద్ధంలో ఘటోత్కచుడు కౌరవసేనను ఊచకోత కోస్తుంటే తట్టుకోలేక దాన్ని అతని మీద వెయ్యాల్సి వచ్చింది. పడిపోతూ కూడా ఘటోత్కచుడు ఒళ్లు పెంచి శత్రుసేన మీదే పడ్డాడు. పాండవులు ఏడుస్తున్నారు, కృష్ణుడు ఒక్కడే సంతోషంతో ఎగిరి గంతులేశాడు. రాక్షసుణ్ని చంపితే గెలిచింది చచ్చినవాడి పక్షం. ఇన్ని దేశాల కథలు తిరగేసినా ఇంత చేదు లెక్క నాకు ఇంకెక్కడా కనబడలేదు.

హారీ పాటర్ పుస్తకాలను ఆఖరికి ఉంచుకున్నాను. 1997 నుంచి 2007 దాకా ఏడు పుస్తకాలు. దుష్ట మాంత్రికుడు వోల్డెమార్ట్ తన ఆత్మను ముక్కలు చేసి డైరీలో, ఉంగరంలో, లాకెట్టులో, గిన్నెలో, కిరీటంలో, పాములో దాచుకుంటాడు. ఏడు సముద్రాల అవతలి చిలకను రౌలింగ్ ఆరు వస్తువులు చేసి పంచిందని మొదట అనిపిస్తుంది, వాటిని వెతికి పగలగొట్టే పని కొంత సాగతీతగానూ ఉంటుంది. ఏడో పుస్తకంలో ఇంకో ముక్క సంగతి తెలుస్తుంది. అనుకోకుండా ఒక పసివాడిలో చిక్కుకుపోయిన ముక్క అది. ఆ పసివాడు హారీయే. ఆ ముక్క పోవాలంటే అతను చావాలి. పదిహేడేళ్ల కుర్రవాడు ఎవరికీ చెప్పకుండా కోట మెట్లు దిగి, దారిలో కనిపించిన స్నేహితుడికి పామును చంపడం మరిచిపోవద్దని మాత్రం చెప్పి, చీకట్లో అడవిలోకి నడుస్తాడు. పోరాడాలన్న ఆశ పుట్టకుండా మంత్రదండాన్ని బట్టల లోపల దాచేసుకుని శత్రువు ఎదుట నిలబడతాడు.

ఆ పుస్తకం మా చెల్లెలికి నేనే పంపాను. అప్పటికి తనకు ఇద్దరు పిల్లలు. అడవిలోకి నడిచే అధ్యాయం చదువుతూ సగంలో ఆపి, రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది.

"అన్నయ్యా, చిలకే నడుచుకుంటూ వెళ్తోంది రా" అంది.